ఎనిమిదో ఏరు మీద నా అభిప్రాయం

అభిప్రాయ గడువు, 3వ రోజు

‘ఎనిమిదో ఏరు’ కథను ఈ ఉదయం పద్నాలుగు వందల మాటల్లో నేలమట్టం చేశాను. నా వ్యాసం అభిప్రాయాల పలక మీదికి ఎక్కేసరికి జనం ఇంకా నాచు దోసెల వరసలో నిలబడి ఉన్నారు. రెండో పూట గంట మోగేలోపల దాని కింద ఎనిమిది వందల పదకొండు సంతకాలు పడ్డాయి. సెరిస్ గ్రహశకలం మీది ఈ గని స్థావరంలో ఉన్నది నాలుగు వేల మంది. వారిలో ఐదో వంతు ఒక్క పూటలో నాతో ఏకీభవించారు. ఇందులో నా ప్రతిభ ఎంత, ఆ కథ దౌర్భాగ్యం ఎంత అన్నది నిష్పక్షపాతంగా తేల్చలేను కనుక రెండింటికీ చెరిసగం ఇస్తున్నాను.

వాదసమితి నిబంధన ప్రకారం సభకు ఎక్కే ప్రతి వక్తా తన వాదం రూపుదిద్దుకున్న తీరును దినచర్యగా రాసి సమర్పించాలి. ఇది నాది. సింగంపల్లి ఉత్పల, ద్వితీయ సంవత్సరం, ప్రతిపక్షానికి మొదటి వక్త.

ముందుగా వివాదాంశం. తెర మీద ఆడే ‘ఏడేరుల నాడు’ అనే కథల ఆట మా తాతల కాలంలో భూమి నుంచి వచ్చింది. ఇక్కడ పుట్టిన మాలో ఎవరూ ఏరు చూడలేదు. నీరంటే మాకు రాతిలోంచి పెళ్లగించే మంచు, ఆ తర్వాత గొట్టం. పారే నీటిని, దాని మీద కదిలే వెలుతురును, ఒడ్డున కాలు జారే బురదను మాకు చూపినది ఆ ఆటే. అందులో ఏ ఏటి దగ్గరికి వెళ్ళినా పడవతో ఎదురుచూసే మనిషి ఒకతె ఉంటుంది. పేరు బంగారి. ఆమె పడవ ఎక్కకుండా ఈ స్థావరంలో పెద్దయినవారు లేరు. కొత్త భాగంలో ఎనిమిదో ఏరు వచ్చింది. కోట దొర దానికి అడ్డుకట్ట వేయిస్తూ, పడవ అప్పగించమని బంగారికి కబురు పెడతాడు. ఆమె అప్పగిస్తుంది. ఎదురాడదు, ఏడవదు, తెడ్డు ఒడ్డున పెట్టి నడిచి వెళ్ళిపోతుంది. కథ సమాప్తం. మొదటి నుంచి చివరిదాకా ఆడటానికి నలభై నిమిషాలు పట్టలేదు.

నా వ్యాసంలో ఎక్కువమంది ఎత్తి రాసుకున్న వాక్యం ఇది: ‘కారణం చూపని ఓటమిని విషాదమని పిలవలేము, అది రచయిత్రి బద్ధకం.’


5వ రోజు

నిబంధన స్పష్టంగా ఉంది. కొత్త కథ విడుదలైన నాటి నుంచి ఇరవై నాలుగు రోజులు ఆటగాళ్ళు అభిప్రాయం చెప్పవచ్చు. చివరి రోజున భోజనశాలలో బహిరంగ వాదం, వెంటనే లెక్కింపు. నూటికి నలభై మందైనా ఒప్పుకోకపోతే కథ ఉపసంహరణ.

ఈసారి మరొక సంగతి దీనికి ముడిపడి ఉంది. ఇది భూమి నుంచి వచ్చిన కథ కాదు. రెండేళ్ళ క్రితం స్థావరాన్ని నడిపే మండలి ఆట యంత్రాన్ని ఇక్కడికే తెప్పించి, కథాశాల ఒకటి తెరిచి, రాసే పనిని బొడ్డేపల్లి అరుంధతి అనే ఆవిడకు అప్పగించింది. అంతకు మునుపు ఆవిడ పదకొండేళ్ళు దిగువ సొరంగంలో దుమ్ము జల్లెడలు దులిపింది. ఊపిరితిత్తులు సగం పాడయ్యాయి. కథ నిలిస్తే ఆవిడ కథాశాలలో ఉంటుంది. కథ పోతే కథాశాల మూతపడుతుంది, ఆవిడ మళ్ళీ జల్లెడల దగ్గరికి దిగుతుంది. నాలుగు వేల మందిలో పనిలేని చేతులు ఉండకూడదన్నది ఇక్కడి శాసనం. వైద్యురాలి కాగితం దానికి అడ్డురాదు.

ఇదంతా నాకు చెప్పింది నా గది భాగస్వామి కెజియా. నాచు తొట్లలో పనిచేస్తుంది, మితభాషి, నాకు పూర్తిగా విరుద్ధం.

“ఆవిడ మళ్ళీ దిగితే రెండేళ్ళు కూడా ఉండదంటున్నారే,” అంది మంచం మీద తల తుడుచుకుంటూ.

అది కథ గుణదోషాలకు సంబంధించిన వాదన కాదని చెప్పాను. రచయిత్రి ఆరోగ్యాన్ని చూసి కథకు మార్కులు వేయడం మొదలుపెడితే రేపు రోగులే రాయాలి, మిగతావాళ్ళు మెచ్చుకోవాలి. శాసనం క్రూరమైతే శాసనాన్ని సవరించండి, విమర్శ నోరు నొక్కకండి. కెజియా కాసేపు ఆలోచించి, “నువ్వు మాట్లాడుతుంటే అన్నీ సరిగ్గానే ఉంటాయి,” అంది. దాన్ని అంగీకారంగా నమోదు చేస్తున్నాను.


9వ రోజు

ఉదయం రెండు గంటలు భూమికి పంపే దరఖాస్తు నింపడంలోనే పోయాయి. వాదసమితి గ్రంథాలయానికి పాత చర్చల ప్రతులు కావాలి. ఇక్కడి నుంచి భూమికి మాట వెళ్ళి తిరిగి రావడానికి యాభై నిమిషాలు పడుతుంది. వాళ్ళు ఒక ప్రశ్న వేసి, మనం జవాబిచ్చి, వాళ్ళు ఇంకొక ప్రశ్న వేస్తే రోజు గడిచిపోతుంది. కాబట్టి వాళ్ళు అడగగల ప్రశ్నలన్నిటినీ మనమే ఊహించి, ముందు జవాబులు జత చేసి పంపాలి. ఆరో ఏట చేతికి కడియం తొడిగిన రోజునే ప్రతి పిల్లకూ ఈ విద్య నేర్పుతారు. తలుపు ‘లోపలికి ఎవరు?’ అని అడిగేలోపే కడియం చెప్పేస్తుంది. భోజనశాల ‘ఉప్పు తగ్గించాలా?’ అని అడిగేలోపే చెప్పేస్తుంది. ఎదుటివాణ్ణి అడగనివ్వడం ఇక్కడ మొరటుతనం. కడియంలోని జవాబుల పట్టీకి అట్టడుగున అందరికీ ఒకే వాక్యం ఉంటుంది: ‘మిగిలిన ప్రశ్నలన్నిటికీ — సరే. తర్వాత?’

ఈ సంస్కృతి గొప్ప వక్తలను తయారుచేస్తుందని నా సిద్ధాంతం. ప్రత్యర్థి నోరు తెరవకముందే అతని వాదాన్ని ఖండించి ఉంచుతాను. గత ఏడాది పందొమ్మిది సభల్లో పదిహేడు గెలిచాను.

సాయంకాలం కెజియాతో మళ్ళీ వివాదం. తను పనినుంచి తిన్నగా వచ్చి ఆట పెట్టె ముందు కూర్చుని అరగంట ‘ఎనిమిదో ఏరు’ ఆడిందట. బంగారి పడవ ఇవ్వలేదంటుంది.

“ఇవ్వలేదే. నాతో చాలాసేపు మాట్లాడింది. వాళ్ళమ్మ గురించి చెప్పింది,” అంది.

తల్లి ప్రస్తావన కథలో ఎక్కడా లేదన్నాను. ఎనిమిది వందల పదకొండు మంది ఆడిన కథలో కనపడని తల్లి ఒక్క కెజియాకే ఎలా కనపడిందని అడిగాను. ఇది నాలుగో ఏటి కథతో కలగాపులగం కావడానికి ఉన్న అవకాశాలు మూడు చెప్పాను. అరగంటలో కథ పూర్తికాదు కనుక పడవ ఇచ్చే ఘట్టందాకా తను చేరనేలేదని నిరూపించాను. నాలుగు నిమిషాలు పట్టింది.

“అయితే నేనే సరిగ్గా ఆడలేదేమో,” అని దుప్పటి కప్పుకుంది.


14వ రోజు

అంగీకారం నూటికి ముప్పై మూడుకు పడిపోయింది. లెక్కింపు తర్వాతి విధుల ముసాయిదా కూడా పలక మీదికి వచ్చింది. దిగువ సొరంగం, జల్లెడలు, మూడో వరస: బొడ్డేపల్లి అరుంధతి. ఎదురుగా చిన్న అక్షరాల్లో ‘కథాశాల మూతపడిన పక్షంలో’.

మధ్యాహ్నం భోజనాల వరసలో ఆవిడ సరిగ్గా నా ముందు నిలబడింది. పొట్టి మనిషి, నెరిసిన జడ, పళ్ళెం పట్టుకున్న చేతుల మీద జల్లెడ తీగల పాత గాట్లు. నేనెవరో ఆవిడకు తెలుసు. వరసలో ఉన్న అందరికీ తెలుసు, అందుకే అందరూ హఠాత్తుగా తమ పళ్ళేలను పరీక్షించుకోవడం మొదలుపెట్టారు.

“నీ రాత సదివాను పాపా,” అంది ఆవిడే వెనక్కి తిరిగి. “వాక్యం బాగా నిలబెడతావు.”

ధన్యవాదాలు చెప్పాను. నా విమర్శ వ్యక్తిగతం కాదని కూడా చెప్పాను.

“అది నాకు తెల్దా ఏటి. ఆ బద్దకమన్న మాట ఒక్కటే ఒప్పుకోలేను. బద్దకం నాకు ఏనాడూ కుదరనేదు.”

నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. వెనక ఉన్న గని కార్మికుడొకడు ఆవిడ పళ్ళెం అందుకుని పట్టుకున్నాడు. నేను పట్టుకోలేదు. నా రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి.

గదికి వచ్చి ప్రధాన ప్రసంగానికి ముసాయిదా రాశాను. బాగా కుదిరింది. అయినా దానివల్ల కలగవలసిన ఆనందం కలగలేదని ఇక్కడ నమోదు చేయడం నా విధి.


21వ రోజు

ఈ పుట క్రమంగా రాయడానికి ప్రయత్నిస్తాను.

విద్యార్థులందరికీ నెలకొక రోజు తొట్ల విధి ఉంటుంది. ఈ రోజు నా వంతు. తొట్టిలోకి దిగేముందు కడియం తీసి డబ్బాలో పెట్టాలి, ఉప్పునీరు దాని లోహాన్ని తినేస్తుంది. ఆరు గంటలు నాచు గీకి, మోచేతులదాకా పచ్చగా, గదికి వచ్చాను. కడియం తొట్ల దగ్గరే డబ్బాలో ఉండిపోయింది. నా గది తలుపు నన్ను ఎవరని అడిగితే నోటితో పేరు చెప్పవలసి వచ్చింది, అది కొంత అవమానంగా అనిపించింది.

ప్రధాన ప్రసంగంలో దొర కబురు ఘట్టాన్ని ఎత్తి చెప్పాలి. ఉల్లేఖనలో అక్షరం తేడా వస్తే మా వాదసమితి గురువు యాకూబ్ మాస్టారు రెండు మార్కులు కోస్తారు. కాబట్టి ఆట తెరిచి, పేరు చేత్తో కొట్టి, ఆ ఘట్టానికి వెళ్ళాను. కబురు వచ్చింది. బంగారి దాన్ని చదివి మడిచి నా వైపు తిరిగింది.

“పడవ ఇచ్చెయ్యమంటన్నారు. నువ్వేటంటావు?”

ఈ ప్రశ్న నాకు గుర్తుంది. మొదటిసారి ఆడినప్పుడు అది తెర మీద మెరిసి మాయమైంది, వెంటనే ఆమె తెడ్డు కింద పెట్టింది. అలంకారం కోసం వేసిన ప్రశ్న అనుకున్నాను. ఈసారి ఆమె తెడ్డు కింద పెట్టలేదు. నన్ను చూస్తూ నిలబడింది. నేను తర్వాతి వాక్యం కోసం కలం పట్టుకుని కూర్చున్నాను. ఆట పాడైందేమో అనుకుని పెట్టెను తట్టాను. ఏరు పారుతూనే ఉంది. ఆమె పడవ అంచు మీద కూర్చుంది.

“తొందరేం నేదు,” అంది. “మా అమ్మ కూడా ఇలాగే ఆలోసించేది, గట్టు మీద కూకుని.”

తల్లి గురించి మొదలుపెట్టింది.

నేను చాలాసేపటికి ‘వద్దు, ఇవ్వకు’ అని కొట్టాను.

“అయితే తాడట్టుకో,” అంది బంగారి.

ఆ తర్వాత నేను ఐదు గంటలు ఆ ఏటి మీద ఉన్నాను. ఎదురు ప్రవాహంలో, ఆట లెక్కన రోజుల తరబడి సాగే ప్రయాణం అది. అడ్డుకట్టకు మట్టి మోసే కూలీలు ఉన్నారు, వాళ్ళకు పేర్లున్నాయి, వాళ్ళలో సగం మంది ఒకప్పుడు బంగారి దాటించినవాళ్ళే. మూడో అధ్యాయం సాగదీసినట్టు ఉంది, అది నా నిశ్చితాభిప్రాయం. కానీ నాలుగో అధ్యాయంలో కట్ట బీటలు వారి, అవతలి ఒడ్డున కూలీలు చిక్కుకున్నప్పుడు ఆమె మళ్ళీ నన్ను అడిగింది. నేను మళ్ళీ ఆలోచించవలసి వచ్చింది. చివరికి నా ఆటలోనూ పడవ పోయింది. దొరకు పోలేదు. కూలీలను ఎక్కించి, తెడ్డు వాళ్ళ చేతికిచ్చి, తను ఒడ్డునే నిలబడిపోయింది. నేను తెర ముందు పచ్చటి చేతులతో ఏడ్చాను.

ఆ తర్వాత చేసిన పని మూడో రోజునే చేసి ఉండవలసింది. నా పాత ఆట చిట్టా తెరిచి చూశాను. పందొమ్మిది ప్రశ్నలు. పందొమ్మిదింటికీ ఒకే జవాబు, కనురెప్ప పడేంత వ్యవధి కూడా లేకుండా: ‘సరే. తర్వాత?’

పడవ ఇచ్చెయ్యమన్నది నేనే. నా కడియం చెప్పింది. ఇచ్చినందుకు ఆమెను పద్నాలుగు వందల మాటలు తిట్టింది కూడా నేనే.

కెజియా పనినుంచి వచ్చింది. ఎప్పటిలాగే కడియం అన్నం డబ్బాలో ఉంది, స్నానం చేశాక తొడుక్కుంటుంది. రోజూ ఆ మధ్యలోనే ఆడుతుంది. నేను చిట్టా చూపించి, జరిగినదంతా చెప్పి, తొమ్మిదో రోజున తనను ఎంత పద్ధతిగా ఓడించానో అదీ గుర్తుచేసి, క్షమాపణ అడిగాను. జీవితంలో మొదటిసారి కాబట్టి సరిగ్గా రాలేదు.

తను క్షమాపణ సంగతి పట్టించుకోలేదు. తెర వైపు చూస్తూ, “అంటే నేను సరిగ్గానే ఆడానా?” అని అడిగింది.


22వ రోజు

యాకూబ్ మాస్టారి దగ్గరికి వెళ్ళాను. మా సమితిని ముప్పై ఏళ్ళుగా నడుపుతున్న మనిషి. సాంతం విని, కళ్ళద్దాలు తీసి తుడిచి, పక్షం మార్చే వక్త ఏడాదిపాటు వేదిక ఎక్కకూడదన్న నిబంధనను గుర్తుచేశారు.

“ఆ నిబంధన రాసింది నేనే తల్లీ. నీకోసం చెరపను,” అన్నారు. “నువ్వు అనుకున్న ప్రసంగం చేసి, గెలిచి, తర్వాత ఈ సంగతి పలక మీద రాయొచ్చు. అప్పటికి లెక్కింపు అయిపోతుంది. ఏది చేస్తావో నీ ఇష్టం.”

అంతర్ స్థావర పోటీలు ఈ ఏడాదే. దానికోసం పదిహేనో ఏటి నుంచి సాధన చేస్తున్నాను. ఈ వాక్యం ఇక్కడ ఎందుకు రాశానంటే, నేను తక్షణమే ఉదాత్తంగా ప్రవర్తించానన్న అభిప్రాయం ఎవరికీ కలగకూడదు. గంటన్నర తటపటాయించాను.

తర్వాత కథాశాలకు వెళ్ళాను. అది పాత పరికరాల గది. గుమ్మం పక్కన మేకులకు మూడు కడియాలు వేలాడుతున్నాయి. లోపలి పరికరాలు కడియం తగిలితే గోల చేస్తాయి కాబట్టి అక్కడ పనిచేసేవాళ్ళు రెండేళ్ళుగా బయటే తీసి వెళ్తున్నారు. అప్పుడే నాకు మిగతా సగం అర్థమైంది. రాసినవాళ్ళు కడియాల్లేకుండా ఆడి చూసుకున్నారు, మిగతా స్థావరమంతా కడియాలతో ఆడింది.

అరుంధతి గారు పెట్టెల్లో కాగితాలు సర్దుతోంది. సగం సర్దేసింది. చెప్పాను. వింటూ ఒక పెట్టె మీద మెల్లగా కూర్చుంది.

“అందరూనా?” అని అడిగింది.

దాదాపు అందరూ అన్నాను.

“లెక్క నాకు రోజూ వస్తాది. ఇంచుమించు మొత్తం జనం ఇచ్చెయ్యమన్నారని సూపించింది. నాలుగు వేల మందిలో ఒకలిద్దరు తప్ప ఎవలూ వద్దనలేదంటే, ఈ జనానికి ఇంక ఆశ నేదేమో అనుకున్నానమ్మా. నా కథ నచ్చకపోడం నాకు బాధనిపించనేదు. అదే బాధనిపించింది.”

పెట్టెలు విప్పుదామా అని అడిగాను. అప్పుడే వద్దంది. ఓటు ఎటు పోతుందో చూశాక విప్పుకుందామంది. రెండు రోజుల్లో నాలుగు వేల మందిచేత కడియాలు తీయించి మళ్ళీ ఆడించడం ఎవరి తరమూ కాదని ఇద్దరికీ తెలుసు. పలక మీద రాస్తే నా మాట నమ్ముతారన్న నమ్మకం లేదు; ‘ఉత్పల ఓడిపోతానని భయపడి పక్షం మార్చింది’ అని నాలాంటిదే ఇంకొకతె పద్నాలుగు వందల మాటలు రాస్తుంది.

సభలోనే తేలాలి.


24వ రోజు

హాజరు ఆరు వందల పన్నెండు. భోజనశాల బల్లలన్నీ గోడలకు జరిపారు. మిగతా జనం తమ తమ గదుల్లోంచి చూస్తున్నారు. అంగీకారం నూటికి ముప్పై ఒకటి దగ్గర ఉంది. అరుంధతి గారు తలుపు పక్కన చివరి బెంచీ మీద కూర్చుంది. నాకు కేటాయించినది తొమ్మిది నిమిషాలు.

నేను కాగితం తీసుకెళ్ళలేదు.

“అధ్యక్షా, ‘ఎనిమిదో ఏరు’ కథ మీద నేను పద్నాలుగు వందల మాటలు రాశాను,” అన్నాను. “ఆ కథ నేను ఆడలేదు.”

వెనక వరసలోంచి ఒక డ్రిల్లు మనిషి గొంతు: “ఆడకుండానే అంత తిట్టేవా పిల్లా?”

సభ భళ్ళున నవ్వింది. నవ్వు తగ్గేదాకా ఆగాను. ఆగడం నాకు కొత్త, కష్టంగా ఉంది.

“మీరూ ఆడలేదు బాబాయ్,” అన్నాను.

అధ్యక్షుడు గంట కొట్టి, నేను ఏ పక్షం తరపున మాట్లాడుతున్నానో తెలపమన్నాడు. ప్రతిపక్షం నుంచి తప్పుకున్నానని తెలిపాను. మొదటి వరసలో యాకూబ్ మాస్టారు పుస్తకంలో ఏదో రాసుకున్నారు. అదేమిటో నాకు తెలుసు. నాకు మిగిలిన ఎనిమిది నిమిషాల్లో ఒక్క ప్రశ్న అడగడానికి అనుమతి కోరాను. వాదనేమీ చేయననీ, సభనే అడుగుతాననీ, ఎవరూ నోరు విప్పవద్దనీ, ఆలోచించుకోవడానికి ఐదు నిమిషాలు ఇస్తాననీ చెప్పాను. కెజియా గోడ మీది పెద్ద తెరకు ఆట తగిలించింది. ఏరు వచ్చింది. బంగారి కబురు మడిచి, ఆరు వందల పన్నెండు మంది వైపు తిరిగింది.

“పడవ ఇచ్చెయ్యమంటన్నారు. నువ్వేటంటావు?”

ఎవరూ నోరు విప్పలేదు. ఎవరూ కదల్లేదు. తెర మూలన లెక్క కనపడింది: ‘సరే. తర్వాత?’ — ఆరు వందల తొమ్మిది. ప్రశ్న పూర్తయి ఒక సెకను గడవలేదు. బంగారి తెడ్డు కింద పెట్టి, ఒడ్డు వెంబడి నడిచి వెళ్ళిపోయింది.

ఆలోచించుకోవడానికి నేనిచ్చిన ఐదు నిమిషాల్లో నాలుగు నిమిషాల యాభై తొమ్మిది సెకన్లు ఇంకా మిగిలే ఉన్నాయి. సభ ఆ ఖాళీ ఒడ్డును చూస్తూ కూర్చుంది. ఒకరి తర్వాత ఒకరు తమ మణికట్టు వైపు చూసుకోవడం నాకు వేదిక మీది నుంచి కనపడింది.

“మిగిలిన ముగ్గురూ ఎవరు?” అని అడిగాడు అధ్యక్షుడు.

నేను నా ఖాళీ చేయి ఎత్తాను. తెర దగ్గర కెజియా ఎత్తింది. చివరి బెంచీ మీద అరుంధతి గారు కాసేపు సందేహించి, గాట్లున్న చేయి ఎత్తింది.

“బంగారి ఈ ప్రశ్న మనందరినీ ఇరవై నాలుగు రోజులుగా అడుగుతోంది,” అన్నాను. “ఇప్పటిదాకా ఎవరమూ వినలేదు. నాకింకేమీ చెప్పాలని లేదు.” మూడు నిమిషాలు మిగుల్చుకుని వేదిక దిగాను.

అనుకూల పక్షం వక్త తన ప్రసంగం చదవడానికి నిరాకరించాడు. తనూ కడియంతోనే ఆడానని, మెచ్చుకున్నది వేరే కథనని ఒప్పుకున్నాడు. ఓటు వేయవలసింది ఏ కథ మీదో తేలలేదు కనుక మండలి లెక్కింపును పది రోజులు వాయిదా వేసింది. ఆట ఆడేటప్పుడు కడియం తీయాలని ఉత్తర్వు కూడా చదివారు.

అధ్యక్షుడి ఆదేశం పూర్తవకముందే సగం సభ లేచి వెళ్ళిపోయింది, ఆడటానికి.


29వ రోజు

స్థావరంలో పనులు కొంత గందరగోళంగా ఉన్నాయి. ఆడి, కడియం తొడుక్కోవడం మరచి, తలుపుల బయట జనం నిలబడిపోతున్నారు. తలుపు పేరు అడుగుతుంది, వాళ్ళు ఇంకా ఏటి మీదే ఉండి బదులివ్వరు. ఈ ఉదయం మూడో నడవలో పదిమంది అలా నిలబడి, బంగారికి ఎవరేం చెప్పారన్నదాని మీద కలహించుకుంటున్నారు. ఒకడు తాను నిజంగానే ఆలోచించి పడవ ఇచ్చెయ్యమన్నానని, ఇప్పుడూ అదే అంటానని గట్టిగా నిలబడ్డాడు. మిగతా తొమ్మిది మంది అతని మీద పడ్డారు. అతని వాదంలో బలం ఉంది. వెళ్ళి సాయం చేద్దామనుకున్నాను కానీ అతను నా అవసరం లేకుండానే నెగ్గుకొస్తున్నాడు.

పలక మీద కొత్త అభిప్రాయాలు పద్దెనిమిది వందలు దాటాయి. అన్నీ మెప్పులేమీ కాదు. పంపు మరమ్మతు చేసే ఒకాయన రాశాడు: ‘బంగారి మరీ ఎక్కువ మాట్లాడుతోంది. పాతదే నయం, నలభై నిమిషాల్లో ఇంటికి పోయేవాణ్ణి.’ దాని కింద రెండు వందల సంతకాలు. ఇంకొకామె తన ఆటలో పడవ మునిగిపోయిందని, రచయిత్రి ఇంటి ముందు కూర్చుని అడుగుతానని రాసింది. నిజంగానే వెళ్ళి కూర్చుందట. అరుంధతి గారు టీ ఇచ్చి పంపిందట.

అంగీకారం ముప్పై ఎనిమిది. ఇంకా రెండు కావాలి.


34వ రోజు

యాభై ఎనిమిది.

లెక్క చదివినప్పుడు నేను భోజనశాలలో లేను. ఏడాది వేదిక నిషేధం అమలులోకి వచ్చింది కనుక సభల్లో కూర్చునే హక్కు కూడా తాత్కాలికంగా లేదు. నడవలో పలక కింద నిలబడి చదివాను. దిగువ సొరంగం, జల్లెడలు, మూడో వరస అన్నచోట ఇప్పుడు ఏ పేరూ లేదు. ఆ పని యంత్రంతో చేయించే అవకాశాన్ని పరిశీలించాలని మండలి తీర్మానించింది. పరిశీలించడం అన్న క్రియకు మండలి ఇచ్చే అర్థం నాకు తెలుసు. ఆ పోరాటం వేరే చేస్తాను, పలక మీద రాయడానికి నాకు వేదిక అక్కర్లేదు.

నడవ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ముప్పై రోజులుగా బిగపట్టుకున్నదేదో వదిలేసినట్టు ఉంది. కెజియా వచ్చి పక్కన కూర్చుంది.


36వ రోజు

వాదసమితికి సమర్పించవలసిన చివరి పుట ఇది.

కథాశాలకు వెళ్ళాను. పెట్టెలన్నీ విప్పేశారు. అరుంధతి గారు నేలమీద కాగితాలు పరుచుకుని కూర్చుంది. తొమ్మిదో ఏరు మొదలుపెట్టిందట.

“ఇంతకీ నీకు నచ్చిందా, నేదా?” అని అడిగింది. “సుట్టూ తిప్పకుండా సెప్పు.”

నచ్చిందని చెప్పాను. ఆక్షేపణలు ఏడు ఉన్నాయని కూడా చెప్పాను. మూడో అధ్యాయం పొడవు మొదటిది. కట్ట దగ్గర కూలీల మేస్త్రీ మరీ మంచివాడు కావడం రెండోది. దొర ఎప్పుడూ కబుర్లు పంపడమే తప్ప ఒక్కసారీ ఎదటికి రాకపోవడం మూడోది. ఆవిడ మూడో అధ్యాయం మీద ఒప్పుకుని కాగితం మీద గీత కొట్టింది. మేస్త్రీ మీద ఒప్పుకుంది. దొర దగ్గర ఆగిపోయింది.

“పదకొండేళ్ళు జల్లెడలు దులిపానమ్మా. నన్ను అక్కడికి పంపినోడి మొకం నాను ఒక్కరోజూ సూడలేదు. కాయితం వచ్చేది. నీ దొర మొకం సూపించి నానేటి సెయ్యాలి?”

పీడకుడికి ముఖం ఇవ్వని కథ పాఠకుడికి ప్రత్యర్థిని ఇవ్వదని వాదించాను. కాగితమే ప్రత్యర్థి అంది ఆవిడ. కాగితంతో ఎవరూ పోట్లాడలేరన్నాను. అందుకే కదా నా కథలో అందరూ అంతసేపు తడబడతారు అంది. నేను ఇంకో రెండు దారుల్లో ప్రయత్నించాను. రెండూ మూసేసింది. మధ్యలో ఎవరో టీ తెచ్చిపెట్టారు, చల్లారిపోయింది. ముప్పావు గంట తర్వాత నా దగ్గర చెప్పడానికి ఏమీ మిగలలేదు.

మూడో ఆక్షేపణను ఉపసంహరించుకుంటున్నానని ఆవిడ కాగితం అంచున నా చేత్తోనే రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. వాదంలో ఓడిపోయి ఇంత తేలికైన మనసుతో ఇంటికి నడిచిన రోజు నాకు ఇంకొకటి లేదు.